రొంటిలోని కత్తి

నరసరావుపేటలో ఒకే వీధిలో నివసించు ఇద్దరు న్యాయవాదులలో ఒకరు తమ వృత్తిజీవితమంతయు ప్రభుత్వపక్షమున నేరములు నిరూపించుటయందును, వేరొకరు ఆ నిరూపణములోని లొసుగులు చూపుటయందును గడపిరి. మొదటివారి భార్య రెండవవారికి అక్కగారగుటచేత కోర్టులో ఎంతగా కత్తులు నూరుకొన్నను ఇంటికి వచ్చునప్పటికి బావా బావమరదులే. రొంటిన కత్తి దాచుకొని తిరుగుచుండెనను అభియోగముపై పట్టుబడిన యొక మనిషిని మేజిస్ట్రేటుగారు విడిచిపెట్టిన నాటి సాయంకాలము ఆ యిరువురి నడుమ నడచిన వాదమిది. నేను మూడవవాడనై వింటిని. మధ్య నా మాట యొకటి చొరబడినచో పాఠకులు మన్నింతురుగాక.

ప్రాసిక్యూటరు: హత్యకేసులో శవము మాటాడదు, దొంగతనములో సొత్తు మాటాడదు, సాక్షి వచ్చి చెప్పునంతవరకు న్యాయాధిపతికి ఏమియు తెలియదు. ఆయుధము కేసు అట్టిది కాదు బావా. కలిగియుండుటయే నేరమైనప్పుడు కలిగియున్న వస్తువే నేరమునకు రూపము. ఎం.ఓ. 1 అని చీటి కట్టిన కత్తి బల్లపై నుండగా, దానిని పట్టుకొన్న ఎస్సై బోనెక్కి ఇతని రొంటినుండియే తీసితినని ప్రమాణపూర్వకముగా చెప్పుచుండగా, మధ్యవర్తుల నివేదికపై రెండు సంతకములు స్పష్టముగా కనబడుచుండగా, నిరూపణ కాలేదని విడిచిపెట్టుట నాకు అంతుబట్టని న్యాయము.

వకీలు: బల్లపై నున్న కత్తి తాను కత్తినని మాత్రమే చెప్పగలదు బావగారూ. అది ఏనాడు, ఏ చోట, ఎవని యొంటిపై, వాని యెరుకతోనే ఉండెనా లేదా యని చెప్పుటకు దానికి నోరు లేదు. ఈ కేసులలోని ప్రమాదమంతయు అచ్చటనే యున్నది: వస్తువు కంటికి కనబడుచున్నది గనుక నేరము కూడ కనబడినదని మనస్సు భ్రమపడును. నిరూపింపవలసినది కత్తి కాదు, కత్తికిని మనిషికిని గల సంబంధము. అది చట్టము చెప్పిన ఆయుధమే యనియు, అతని స్వాధీనములో నుండెననియు, తెలిసియే ఉంచుకొనెననియు, అనుమతిపత్రము లేకయే ఉంచుకొనెననియు చూపినగాని ఆ సంబంధము తేలదు.

ప్రాసిక్యూటరు: ఆ చివరి దానిని ముందే తీసివేయుము. తనకు మాత్రమే ప్రత్యేకముగా తెలిసిన సంగతిని నిరూపించు భారము తనదేయని 1872 నాటి సాక్ష్యచట్టపు 106వ సెక్షను చెప్పుచు, టిక్కెట్టు లేక రైలులో ప్రయాణము చేసినాడను అభియోగమునకు టిక్కెట్టు ఉన్నదని చూపవలసినవాడు ప్రయాణికుడేయని ఉదాహరణము కూడ ఇచ్చినది. 2023లో వచ్చిన కొత్త సాక్ష్యచట్టములో అదే సూత్రము 109వ సెక్షనుగా నిలిచినది. లైసెన్సున్నవాడు జేబులోనుండి తీసి చూపవచ్చును. లేదని నిరూపించుటకు నేను దేశములోని కలెక్టరు కచేరీలన్నియు తిరుగవలెనా?

వకీలు: తిరుగనక్కరలేదు, ఒప్పితిని. కాని ముందు మనిషి రైలులో ఉండెనని తేలిన తరువాతనే గదా టిక్కెట్టు అడుగుట! మీవారు రైలు సంగతి విడిచి టిక్కెట్టుతో మొదలుపెట్టుదురు.

ప్రాసిక్యూటరు: సరే, రైలు సంగతియే చూతము. అది ఆయుధమగునా కాదా యని నీకు సందేహమా?

వకీలు: సందేహము నాది కాదు, చట్టముదే. 1959 నాటి ఆయుధముల చట్టము వాడి గల మారణసాధనములన్నిటిని ఆయుధములనుచునే, కేవలము ఇంటిపనికో సేద్యమునకో తయారైన వస్తువులను, లాఠీని, సాధారణమైన చేతికర్రను, ఆటబొమ్మలుగా తప్ప పనికిరాని వానిని విడిచిపెట్టినది. తుపాకికి 3వ సెక్షను. దానికి దేశమంతట లైసెన్సు కావలెను. కత్తికి అట్లు కాదు. కేంద్రప్రభుత్వము ఫలానా ప్రాంతమున ఫలానా రకపు ఆయుధమునకు లైసెన్సు కావలెనని 4వ సెక్షను క్రింద ప్రకటన చేసియుండవలెను. ఆ ప్రకటన నకలును కోర్టు కాగితములలో చేర్పక, నోటిమాటగా 'నిషిద్ధమైన కత్తి' యని చెప్పి ఊరకుండు ప్రాసిక్యూషనులు ఎన్ని లేవు? ఇక కొలతల సంగతి. ఆయుధముల నియమములు కత్తులు, బాకులు, ఈటెలు మున్నగువానిని ఒక తరగతిగా కూర్చుచు, అలుగు తొమ్మిదంగుళములకు మించిన పొడవో, రెండంగుళములకు మించిన వెడల్పో గల వానిని చెప్పినవి. ఎస్సైగారు నివేదికలో 'పదునొకండు అంగుళముల కత్తి' యని వ్రాసిరనుకొనుడు. క్రాసుపరీక్షలో స్కేలు చేతికిచ్చి, పిడి విడిచి అలుగు మాత్రము కొలువుడని అడిగినచో ఎనిమిదిన్నర వచ్చును. బంట్రోతు స్కేలును ఎండవైపు త్రిప్పి మరల చదువును, మరల ఎనిమిదిన్నరయే. ఆ అర్ధాంగుళము కొరకు కాదు నేను వాదించుట. కొలువకయే వ్రాసినవాడు చూడకయే వ్రాసినది ఇంకేమున్నదోయని.

ప్రాసిక్యూటరు: ఇంటిపనియు సేద్యమును అని నీవు తప్పించుకొను త్రోవ నేనెరుగుదును. రాయలసీమ కక్షలలో వేటకొడవలి చేసిన పని నీకు చెప్పనక్కరలేదు. పంటకోత కొడవలికి సన్నని పండ్లుండును. దీనికి నున్నని అలుగు, రెండు చేతులు పట్టు పిడి. ఏ చేను కోయుటకు ఆ కొడవలి?

వకీలు: చేను కోయుటకు కాదు, కంప కొట్టుటకును, జాతరనాడు పోతును వేయుటకును అదే పనిముట్టు.

ప్రాసిక్యూటరు: చట్టములో 'కేవలము' అను మాట యొకటి యున్నదని నీవే చెప్పితివి. కేవలము సేద్యమునకు తయారైనదే మినహాయింపు పొందును. అర్ధరాత్రి బస్సుస్టాండులో, చొక్కాక్రింద, వెన్నునానించి కట్టుకొన్నవాడు జాతరకు పోవుచున్నానన్నచో ఆ ఊరిలో ఆనాడు జాతర ఉండెనా యని నేనడుగుదును.

(ఇచ్చట నాకు ప్రాసిక్యూటరుగారి మాటయే సబబుగా తోచినది. వస్తువు దేనికొరకు తయారైనదో వస్తువును చూచియే చెప్పవలెనని చట్టమునకు ఆశ యున్నను, వేళయు తావును చూడక ఆ ప్రశ్నకు సమాధానము దొరకదు.)

వకీలు: అడుగుడు, అది న్యాయమైన ప్రశ్న. నేను రెండవ దానికి వచ్చెదను. స్వాధీనమనగా చేతిలో నుండుట కాదు, ఎరుకతో కూడిన అధికారము. గుణవంతలాల్ కేసులో 1972లో సుప్రీంకోర్టు ఈ సంగతిని రెండువైపులనుండియు తేల్చినది: తుపాకి మరియొకని వద్ద నున్నను దానిపై పెత్తనము తనదైనచో స్వాధీనము తనదే; ఎరుక లేనిచో తనయొద్ద నున్నను స్వాధీనము కాదు. విమానాశ్రయములో యంత్రము క్రిందుగా పోవు సంచి అడుగున ఒకే ఒక తూటా కనబడును. సంచి మామగారిది, ఆయనకు లైసెన్సున్నది, అల్లుడు తొందరలో బట్టలు కుక్కుకొని వచ్చినాడు, తుపాకి లేదు, రెండవ తూటా లేదు. ఇట్టి కేసులను ఎరుక లేదను కారణముచే హైకోర్టులు పలుమారులు కొట్టివేసినవి.

ప్రాసిక్యూటరు: సంచి అడుగున నున్నదానికి ఆ మాట చెల్లును. రొంటిలో నున్న కత్తి మనిషికి తెలియకుండుట ఎట్లు? పంచె బిగించి దోపుకొన్న యినుము కూర్చున్నప్పుడెల్ల కడుపులో గ్రుచ్చుకొనుచునే యుండును గదా!

వకీలు: నిజము. అందుచేతనే బావగారూ, పోలీసు నివేదికలలో కత్తి యెప్పుడును రొంటిననే దొరకును. చెట్టుక్రింద దొరకదు, బెంచీపై దొరకదు, పక్కవాని సంచిలో దొరకదు. 'నమ్మదగిన సమాచారము రాగా, సిబ్బందితోడను మధ్యవర్తులతోడను పోవుచుండ, మమ్ము చూచి పారిపోవ యత్నించిన యొకనిని చుట్టుముట్టి పట్టుకొని సోదా చేయగా' అని మొదలగు ఆ వాక్యమును నేను కన్నులు మూసికొని అప్పగింపగలను.

(నేనును ఎన్నియో నివేదికలలో దానిని చదివియుంటిని. కేసు మారును, ఊరు మారును, తేదీ మారును. పారిపోవ యత్నించుట మాత్రము మారదు.)

ప్రాసిక్యూటరు: ఆ వాక్యము వ్రాసినది పోలీసువారు కాదు, మీరే. సమాచారము ఎట్లు వచ్చినదని ఒక కేసులో మీరడిగితిరి. మరుసటి నివేదికలో 'నమ్మదగిన సమాచారము' వచ్చి చేరినది. ఎందుకు అనుమానించితివని అడిగితిరి. 'పారిపోవ యత్నించుట' చేరినది. సాక్షులెచ్చటనని అడిగితిరి, మధ్యవర్తులు ముందుగానే జీపులో ఎక్కిరి. మీ క్రాసు ప్రశ్న ప్రతిదియు పై సంవత్సరపు నివేదికలో ఒక పంక్తి యగును. కానిస్టేబులు ఎదుట జరిగినది జరిగినట్లు వ్రాసినచో లోపమున్నదని కొట్టివేయుదురు. లోపములేక వ్రాసినచో కల్పితమని కొట్టివేయుదురు. ఇక వాడు ఏది వ్రాయవలెను?

ఈ మాటకు వకీలుగారు వెంటనే బదులు చెప్పలేదు. తమలపాకు ఈనె తీయుచు కొంతసేపు ఊరకుండి, సాక్షుల ప్రసంగమునకు మరలిరి.

వకీలు: ఆ ఊరి గౌరవనీయులైన ఇద్దరు స్వతంత్రులను పిలిచి వారి యెదుట సోదా చేయవలెనను నియమము పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు 100వ సెక్షనులో నుండెను, కొత్త నాగరిక సురక్షా సంహితలో 103వదిగా నున్నది. అది ఇండ్లకును స్థలములకును చెప్పినదేయని మీరు వాదింతురు, కానిండు. ఆ స్వతంత్రుల స్థానమున పూర్వము కరణమును మునసబును వచ్చిరి, తరువాత గ్రామ రెవెన్యూ అధికారి, అనగా వి.ఆర్.ఓ., వచ్చెను. అదే వి.ఆర్.ఓ. సారా కేసులో మధ్యవర్తి, ఇసుక కేసులో మధ్యవర్తి, కత్తి కేసులో మధ్యవర్తి. స్టేషనునుండి కబురు వచ్చినచో కాదనలేని యుద్యోగి స్వతంత్రసాక్షి యెట్లగును?

ప్రాసిక్యూటరు: రాత్రి తొమ్మిది గంటలకు బస్సుస్టాండులో నిలుచున్న కూలివానిని పిలిచి సాక్ష్యమునకు సంతకము పెట్టుమని చూడుము, చెప్పులు విడిచి పరుగెత్తును. నిలిచినవాడు పెట్టినను, నాలుగు వాయిదాలకు నాలుగు దినముల కూలి పోగొట్టుకొని, అయిదవ వాయిదాకు ముద్దాయి బంధువుల బెదిరింపునకు లోబడి, బోనులో ఎదురు తిరుగును. అందుచేతనే పోలీసు సాక్షి మాటను తక్కిన సాక్షుల మాటవలెనే చూడవలెననియు, నమ్మదగినదైనచో స్వతంత్రసాక్షి లేడను ఒక్క కారణముచే త్రోసిపుచ్చరాదనియు సుప్రీంకోర్టు పలుమారులు చెప్పినది. దాచిన ఆయుధమునకు పదిమంది ప్రత్యక్షసాక్షులు ఎచ్చటనుండి వత్తురు బావా? దాచుటయనగా పదిమందికి కనబడకుండ చేయుటయే గదా.

వకీలు: అదిగో, దాచుటయను మాట వచ్చినది. ఇంతవరకు మనము ఉంచుకొనుట గూర్చి మాటాడితిమి. ఈ కేసులో మీరు 26వ సెక్షను కూడ చేర్చితిరి. అసలు తగవు అచ్చటనున్నది. లిట్టన్ ప్రభువు కాలమున 1878లో వచ్చిన ఆయుధముల చట్టము ప్రభుత్వోద్యోగికి తెలియరాదను ఉద్దేశము కనబడునట్లు చేసిన ఉల్లంఘనమునకు వేరుగా, 20వ సెక్షనున, ఏడేండ్ల శిక్ష ఏర్పరచినది. స్వతంత్ర భారతపు 1959 చట్టము దానినే 26వ సెక్షనుగా నిలుపుకొని, ఆరుమాసములకు తగ్గకుండ ఏడేండ్లవరకు విధింపవచ్చుననినది. చొక్కాక్రింద నుండెను, కావున దాచినాడనుట చాలదు. ప్రభుత్వోద్యోగికో, రైలు బస్సు మున్నగు వాహనములపై పనిచేయువారికో తెలియరాదని దాచినాడని చూపవలెను. మన పల్లెటూరివాడు డబ్బు రొంటిన పెట్టును, చుట్ట రొంటిన పెట్టును, పొడుముకాయ రొంటిన పెట్టును. పంచెకు జేబు లేదు. చేతులు ఖాళీగా నుండుటకు కత్తియు అచ్చటనే దోపును. వీనిలో ఏది ఎవరికంట పడకుండుటకు?

ప్రాసిక్యూటరు: పొడుముకాయను చూచి ఎవడును పారిపోడు. కాని నీ వాదము కొంతవరకు ఒప్పుదును: వట్టి రొంటిలోని కత్తికి 26వ సెక్షను బరువు మోపుట తొందరపాటే. అయినను దాచుటలో తారతమ్యములున్నవి. సంచి లోపలి గుడ్డను విప్పి, నడుమ తుపాకి నుంచి, అదే రంగు దారముతో రెండు వరుసల కుట్టు వేసినవాడు ఎవరినుండి దాచినాడు? దొంగలనుండియా? చేతికర్ర నడుమ అలుగు నుంచిన గుప్తి సంగతి యేమి? సాధారణమైన చేతికర్రను చట్టము విడిచిపెట్టినది గనుకనే ఆయుధము దాని వేషము వేసికొన్నది. అచ్చట దాచువాని ఉద్దేశము వెదుకనక్కరలేదు. తయారైననాడే ఆ వస్తువులో ఉద్దేశము చేరినది. నియమములలో కత్తికర్రలు పేరుపెట్టి చెప్పబడినవి కూడ.

వకీలు: గుప్తి మాట తెచ్చితిరి గనుక అమెరికా సంగతి యొకటి చెప్పెదను. కెంటకీ రాష్ట్రము 1813లోనే ఆయుధమును దాచి మోయుటను నేరముగా చేసెను. ఆ దేశములోని ఇట్టి చట్టములలో అది మొదటివానిలో నొకటి. చేతికర్రలో కత్తి దాచుకొని తిరిగిన యొకనికి నూరు డాలర్ల జుల్మానా వేయగా, 1822లో అచ్చటి అప్పీలుకోర్టు, ఆయుధము ధరించు హక్కునకు ఆ శాసనము విరుద్ధమని దానినే కొట్టివేసెను. ప్రజలు ఊరకుండలేదు, 1850లో తమ రాజ్యాంగమునే మార్చి, దాచి మోయుటను నిషేధించు అధికారమును శాసనసభకు ఇచ్చిరి. అచ్చట నాడు ఆయుధము బాహాటముగా మోయుట హక్కు, దాచుట దోషముగా నుండెను. మనకు లైసెన్సు లేనిచో చేతబట్టుకొని నడిచినను నేరమే. దాచుట దానిపై మరియొక మెట్టు. కావున ఆ రెండవ మెట్టునకు వేరే నిరూపణ కావలెననుట నా కల్పన కాదు, చట్టము తీరే అట్టిది.

ప్రాసిక్యూటరు: ఒంటిపై దాచినది ఒకటి; ఇంటిలోనో వామిలోనో దాచినది మరియొకటి. రెండవదానికి మన పాత జిల్లాయే దేశమునకు పాఠము చెప్పినది. గుంటూరు సెషన్సు కోర్టులో శిక్షలు పడిన పులుకూరి కోటయ్య కేసు లండనులోని ప్రివీకౌన్సిలువరకు పోయి, సర్ జాన్ బోమాంట్ గారి తీర్పుగా 1947 నాటి సంపుటములలో ప్రకటితమై, నేటికిని ప్రతి మేజిస్ట్రేటు కోర్టులో పేరు చెప్పబడుచున్నది. ఈటెను వామిలో దాచితిని, వచ్చినచో చూపెదనని పోలీసు కస్టడీలో నొకడు చెప్పిన మాట ఎంతవరకు సాక్ష్యమగుననునది అందలి ప్రశ్న.

వకీలు: ఆ తీర్పు నా పక్షమే బావగారూ. ఇంటికప్పులో దాచిన కత్తి చూపెదనని నిందితుడు చెప్పినంతమాత్రమున కనుగొన్నది కత్తి కాదనియు, కత్తి అచ్చట దాగియుండెనను సంగతియు, అది వానికి తెలియునను సంగతియు మాత్రమే కనుగొన్నట్లనియు వారు తేల్చిరి. దానితో ఫలానావానిని పొడిచితినన్న మాట చేరినచో ఆ భాగము చెల్లదనిరి. పాత సాక్ష్యచట్టపు 27వ సెక్షను కొత్త సాక్ష్యచట్టములో 23వ సెక్షనునకు తోకగా మారినను ఆ గీత మాత్రము చెరగలేదు.

ప్రాసిక్యూటరు: నా పక్షము కూడ. తెలియునను సంగతి నిరూపితమైనచో నీవు ఇందాక చెప్పిన ఎరుక యెచ్చటికి పోవును? దాచినచోటు వాడే చూపినప్పుడు వాని నోటనే ఎరుక దొరకినట్లు గదా.

వకీలు: దాచినవాని కొకనికే కాదు, దాచుట చూచినవానికిని ఆ చోటు తెలియును. అందరు నడచు దారి ప్రక్కన వామి యుండి, వాడు వ్రేలు చూపునప్పటికి ఎస్సైగారు చేతిసంచితో సిద్ధముగా నున్నచో, ఎవరు ఎవరికి చూపిరో నాకు తెలియదు.

తుపాకి కేసులోని తక్కిన తంతు గూర్చి వారు ఎక్కువసేపు మాటాడలేదు. అది ప్రేలునదా కాదా యని నిపుణుని నివేదిక యుండవలెననియు, 3వ సెక్షను నేరమునకు జిల్లా మేజిస్ట్రేటు ముందుగా అనుమతి ఇచ్చియుండవలెననియు, 39వ సెక్షను చెప్పు ఆ అనుమతి ఖాళీలు పూరించిన అచ్చుకాగితమై యుండరాదనియు ఇరువురును ఏకాభిప్రాయులే. 2019 సవరణతో లైసెన్సులేని తుపాకికి రెండేండ్లకు తగ్గకుండ అయిదేండ్లవరకు శిక్ష ఏర్పడినది గనుక ఈ తంతును అశ్రద్ధ చేయుట ఉభయపక్షములకును ప్రమాదమని ప్రాసిక్యూటరుగారనిరి. పట్టినచోటనే లక్కముద్ర వేసి, ముద్ర నమూనాను వేరొకనికి అప్పగింపక తన జేబులోనే ఉంచుకొను ఎస్సైలను గూర్చి మాత్రము ఆయన నా యెదుట చెప్పిన మాటలు ఇచ్చట వ్రాయదగినవి కావు.

ప్రాసిక్యూటరు: ఇక ఈ తగవులన్నిటికి మందు దొరకినది బావా. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను క్రింద సోదాయు స్వాధీనపరచుకొనుటయు, జాబితా వ్రాయుటయు, సాక్షులు సంతకములు చేయుటయు వీడియో తీయవలెను, సెల్‌ఫోను చాలును. దానిని ఆలస్యము చేయక మేజిస్ట్రేటునకు పంపవలెను. వి.ఆర్.ఓ. మాట నీకు వద్దు, ఎస్సై మాట నీకు వద్దు, కంటితో చూడుము.

వకీలు: నేటి కేసులో చూచితిని. రెండు నిమిషముల బొమ్మ. మొదటి క్షణముననే కత్తి ఎస్సైగారి చేతిలో నున్నది. ముద్దాయి ప్రక్కన నిలుచున్నాడు. చొక్కా సరిగా పంచెలో దోపియున్నది. రొంటినుండి తీయుట అందులో లేదు. సంతకములున్నవి, లక్క కరగుటయు ఉన్నది; లేనిది ఆ ఒక్కటే.

ప్రాసిక్యూటరు: ముందు మనిషిని అదుపు చేయవలెను గదా! కత్తి చేతికి రాకముందు ఫోను తీసి నిలుచున్న కానిస్టేబులు, కత్తి దిగబడిన తరువాత దానిని వీడియో తీయునా?

వకీలు: ముగ్గురు కానిస్టేబుళ్లు పట్టుకొన్నారని వారే చెప్పిరి. నాలుగవవాడు డ్రైవరు; ఫోను వానిదే.

ప్రాసిక్యూటరు: నేను ఈ కేసును మొదటినుండి నడిపియుంటినేని ఆ బొమ్మను ముందు పెట్టియుండను, ఆ డ్రైవరును ముందు బోనెక్కించియుందును. నీవు వానిని ఏమి అడిగియుందువు?

వకీలు: మొదట ఒక్కటే ప్రశ్న. ఇప్పుడు తీయుమని నీకు చెప్పినదెవరు, అప్పటికి కత్తి యెచ్చట నుండెను?

ప్రాసిక్యూటరు: ఆ ప్రశ్న నేనే చీఫుపరీక్షలో అడిగియుందును. వానిని పంపుమని ఎస్సైకి నిన్నటి దినముననే కబురంపితిని. డ్రైవరు సెలవులో నున్నాడనిరి.